వేణువు నేర్చు పిల్లలు, మన ఇంటి మాట

వాద్యములన్నిటిలో వేణువు మిక్కిలి నిరాడంబరమైనది. ఒక వెదురుముక్క, దానికి కొన్ని రంధ్రములు, పిల్లవాని ఊపిరి, ఇంతే దాని సరంజామా. తీగె తెగునన్న బెంగ లేదు. చర్మము వదులగునన్న చింత లేదు. బడిసంచిలో పుస్తకముల ప్రక్కన అది యిముడును. వీణ కొనజాలని యింట, మృదంగమునకు చోటు చాలని యింట గూడ వేణువునకు చోటు కలదు. పిల్లలకు కొంత సంగీతము చెప్పింపవలెనను తలంపు గల తల్లిదండ్రులు నేడు దీనివైపు చూచుట అందుచేతనే సహజము.

అట్టి తల్లిదండ్రులు సాధారణముగా రెండు ప్రశ్నలు అడుగుదురు. దీనివలన చదువు చెడదు గదా యనునది మొదటిది. మా బిడ్డకు ఇది వచ్చునా, రాదా, ఎప్పటికి తెలియుననునది రెండవది. ఈ రెండింటికిని మాకు తోచిన సమాధానము ఈ వ్యాసమున చెప్పుదుము. ఎవ్వరును అడుగని మూడవ ప్రశ్న యొకటి కలదు. పిల్లవాడు వాయించు పాట ఏ భాషలోనిది? ఆ భాష వానికి వచ్చునా? ఇతర భాషా రాష్ట్రములలో తరతరములుగా కాపురముండి, తెలుగును ఇంటి నాలుగు గోడల నడుమ కాపాడుకొనుచున్న మనకు ఈ మూడవ ప్రశ్నయే మిక్కిలి ముఖ్యమని మా అభిప్రాయము.

వేణువు స్వరూపము

మన భాషలో దీనికి పేర్లు పెక్కులు. వేణువు, మురళి, వంశి అనునవి సంస్కృతము నుండి వచ్చినవి. పిల్లనగ్రోవి మన యింటి మాట. క్రోవి యనగా గొట్టము. భరతుని నాట్యశాస్త్రము వాద్యములను నాలుగు తెగలుగా విభజించినది. తీగెలతో మ్రోగునవి తతములు, చర్మము మూసినవి అవనద్ధములు, తాళములవంటివి ఘనములు, ఊదునవి సుషిరములు. సుషిరమనగా బోలు గలది. వేణువు ఈ కడపటి తెగకు చెందినది.

ధ్వని యెట్లు పుట్టును? పిల్లవాడు పెదవులను బిగించి, గాలిని పలుచని పట్టీవలె చేసి, ముఖరంధ్రపు ఎదుటి అంచు మీదికి ఊదును. ఆ గాలి అంచునకు తగిలి ఒకమారు లోనికి, ఒకమారు వెలికి ఊగును. ఆ ఊపు గొట్టములోని గాలిని కదలించును. మ్రోగునది వెదురు కాదు, వెదురులోని గాలి. ఆ గాలిస్తంభము పొడవైన కొలది స్వరము మంద్రమగును, పొట్టిదైన కొలది తారమగును. రంధ్రములన్నియు మూసినప్పుడు స్తంభము పొడవుగా నుండును. చివరనుండి ఒక్కొక్క వ్రేలు ఎత్తిన కొలది దాని పొడవు తగ్గి స్వరము పైకెక్కును. వ్రేళ్ళ అమరిక మార్చకయే ఊపిరి వేగము పెంచినచో అదే స్వరము పై స్థాయిలో పలుకును.

దీనిని లెక్కగా గూడ చెప్పవచ్చును. వెచ్చని గాలిలో ధ్వని సెకనునకు సుమారు 346 మీటర్లు పోవును. రెండు కొనలు తెరచియున్న గొట్టములో గాలిస్తంభము అరమీటరు పొడవున్నచో సెకనునకు సుమారు 346 కంపనములు కలుగును. పొడవు సగమైనచో కంపనములు రెట్టింపగును. పై తరగతి భౌతికశాస్త్ర పుస్తకములో గాలిస్తంభముల పాఠము వచ్చినప్పుడు వేణువు నేర్చిన పిల్ల ఆ పాఠమును చదువనక్కరలేదు, తన వ్రేళ్ళను జ్ఞప్తికి తెచ్చుకొనిన చాలును. చదువు చెడునేమో యను తల్లిదండ్రులకు ఇది మా మొదటి సమాధానము.

కర్ణాటక సంగీతమున వాడు వేణువునకు ముఖరంధ్రము గాక ఎనిమిది రంధ్రములుండును. హిందుస్తానీ బాన్సురీకి ఆరు. అది సామాన్యముగా పొడవైనది, గంభీరమైన నాదము గలది. బారిసాలులో 1911 లో పుట్టి 1960 లో దివంగతుడైన పన్నాలాల్ ఘోష్ పెద్ద బాన్సురీని కచేరీ వాద్యముగా నిలిపి, దానికి ఏడవ రంధ్రమును గూడ చేర్చెను. వేణువునకు కణుపుల నడుమ దూరము ఎక్కువగా, గోడ పలుచగా నుండు వెదురు కావలెను. ఉత్తరప్రదేశమునందలి పీలీభీత్ పట్టణము వేణువుల తయారికి పేరొందినది. అచ్చటి పనివారికి వెదురు దూరపు అస్సామునందలి సిల్చారు నుండి వచ్చుచున్నది. అంగడిలో చవుకగా దొరకు వేణువు వెనుక ఇంత ప్రయాణము కలదని పిల్లలకు చెప్పుట మంచిది. చెప్పినచో దానిని ఎండలో పడవేయరు. ఎండకును పొడిగాలికిని వెదురు బీటలు వారును. అప్పుడప్పుడు కొంచెము నూనె పట్టించుట, ఊదిన పిమ్మట లోపలి తడిని మెత్తని గుడ్డతో తుడుచుట, ఒకరి వేణువును మరియొకరు నోట పెట్టకుండుట అలవాటు చేయవలెను.

తొలి యేడు

వేణువు పట్టిన మొదటి దినమున చాలమంది పిల్లలకు నాదము రాదు. గాలి బుస్సుమని పోవును. కొందరికి ఒక దినములో పలుకును, కొందరికి రెండు మూడు వారములు పట్టును. దీనినిబట్టి బిడ్డకు సంగీతము వచ్చును, రాదు అని తీర్పు చెప్పుట పొరపాటు. ఇది పెదవుల అమరికకు సంబంధించిన విషయము గాని చెవికి సంబంధించినది కాదు. ఊదుటలో తల తిరిగినట్లుండిన వెంటనే ఆపి కూర్చుండవలెను. అది రోగము కాదు. అలవాటు లేనివారు వడివడిగా ఊపిరి విడుచుటచే కలుగునది. మొదటి నెలలలో పూటకు పది పదునైదు నిమిషములు చాలును. దినమునకు రెండు మారులు పదేసి నిమిషములు ఊదిన పిల్ల, ఆదివారము నాడు ఒక్కమారే రెండు గంటలు ఊదిన పిల్లకంటె త్వరగా ముందుకు పోవును.

చేతి పరిమాణమును గూడ చూడవలెను. చిన్నపిల్లలకు పొడవైన వేణువు ఇచ్చినచో వ్రేళ్ళు రంధ్రములను నిండుగా మూయజాలవు. సందునుండి గాలి పోయినచో స్వరము పలుకదు, లేదా కీచుమనును. అప్పుడు పిల్లవాడు లోపము తనదే ననుకొని దిగులుపడును. పొట్టిదైన, హెచ్చు శ్రుతి గల వేణువుతో మొదలిడి, చేయి పెరిగిన కొలది పెద్దదానికి మారుట మేలు. ఎంచుకొనునప్పుడు ఉపాధ్యాయుని వెంట బెట్టుకొని పోవుట అవసరము. అందముగా రంగు వేసిన వేణువులన్నియు శ్రుతి కలిగినవి కావు.

పిమ్మట సరళీవరుసలు, జంటవరుసలు, అలంకారములు. పురందరదాసు ఏర్పరచినవని సంప్రదాయము చెప్పు ఈ క్రమము మాయామాళవగౌళ రాగమున సాగును. నాలుక కొనతో 'తు' యని తాకి స్వరములను విడివిడిగా పలికించుటను తుత్తుకార మందురు. ఊపిరి తెంపక వ్రేళ్ళను రంధ్రములపై జార్చి గమకము పలికించుట మరియొక విద్య. మొదటిది అక్షరము వంటిది, రెండవది ఆ అక్షరములను మాటగా కలుపునది. ఈ దశలో ఇంటివారు విని విసుగుకొనకుండుటయే వారు చేయగల గొప్ప సాయము. ఒకే వరుసను నలువదిమార్లు వినుట కష్టమే. కాని పిల్లవాడు ప్రక్క గదిలో నుండి వినబడు నిట్టూర్పును తన వేణునాదము కంటె స్పష్టముగా వినును.

పిన్నవయసున మొదలిడినవారు

వేణువు కచేరీలో ప్రధాన వాద్యముగా నిలిచి ఎంతో కాలము కాలేదు. కుంభకోణమునకు చెందిన శరభశాస్త్రి (1872–1904) దానిని ఆ పీఠముపై కూర్చుండబెట్టెనని విద్వాంసులు చెప్పుదురు. ఆయన చిన్ననాటనే చూపు కోల్పోయెను. చూచి నేర్చుటకు వీలులేని బాలుడు విని నేర్చెను. బ్రదికినది ముప్పది రెండేండ్లు మాత్రమే. ఆయన శిష్యుడు పల్లడం సంజీవరావు (1882–1962) ఆ బాణీని తరువాతి తరమునకు అందించెను.

తరువాత వచ్చిన టి. ఆర్. మహాలింగము, లోకము 'మాలి' యని పిలుచుకొనిన మహావిద్వాంసుడు, 1926 లో తిరువిడైమరుదూరున జన్మించెను. 1933 లో, ఏడేండ్ల వయసున, మైలాపూరు త్యాగరాజోత్సవమున తొలి కచేరీ చేసెను. వేణువు పట్టు విధమును, ఊదు విధమును మార్చి, గాత్రమున పలుకు గమకములు వెదురున గూడ పలుకునని నిరూపించెను. ఆయన శిష్యుడు ఎన్. రమణి (1934–2015) తిరువారూరున పుట్టి, ఇంట తాతగారి వద్ద పాఠము మొదలిడి, ఎనిమిదేండ్ల ప్రాయమున తొలి కచేరీ చేసి, 1996 లో సంగీత కళానిధి బిరుదమందెను. సిక్కిల్ సోదరీమణులు కుంజుమణి (1930–2010), నీల ఇద్దరును కలిసి వాయించి, 2002 లో ఆ బిరుదమునే పొందిరి. వేణువు మగపిల్లల వాద్యమను భ్రమ ఎవరికైన నుండినచో ఈ సోదరీమణుల పేరు చెప్పిన చాలును.

ఈ ఉదాహరణలు చదివి, మా బిడ్డకు తొమ్మిదేండ్లు నిండినవి, ఇంక ఆలస్యమైనదని దిగులుపడవలదు. హరిప్రసాద్ చౌరసియా 1938 లో అలహాబాదున పుట్టెను. తండ్రి మల్లయోధుడు, కొడుకు కూడ గోదాలో దిగవలెనని ఆయన కోరిక. కొడుకు తండ్రికి తెలియకుండ సంగీతము నేర్చుకొనెను. మొదట గాత్రము, పిదప వేణువు. సంగీతమున చేరునప్పటికి ఆయనకు పదునైదేండ్ల ప్రాయము. 1957 లో ఒడిశాలోని కటక్ ఆకాశవాణి కేంద్రమున ఉద్యోగమున చేరెను. తరువాత బొంబాయికి పోయి, పేరు పొందిన పిమ్మట గూడ అన్నపూర్ణాదేవి వద్ద శిష్యుడుగా కూర్చుండి మరల నేర్చుకొనెను. ఒడిశాలోను మహారాష్ట్రలోను స్థిరపడిన మన వారు తమ ఊరి చరిత్రలో ఈ యధ్యాయము కూడ కలదని పిల్లలకు చెప్పవచ్చును.

వీరందరిని పరికించి చూడగా ఒక విషయము తేటపడును. ఒకరికి ఏడేండ్లు, ఒకరికి పదునైదు. ఒకరి యింట సంగీతము నిండియున్నది, ఒకరి యింట దాని పేరెత్తరాదు. వయసు, ఇల్లు ఒక్కటి గావు. అందరికిని కలిగినది వినిపించు మనిషి యొకరు, వినిపింపవలెనను తహతహ. ఏ వాద్యమైనను ఒంటిగా ఎదుగదు.

తోడివారి గోష్ఠి

పిల్లలు వేణువు మానివేయుటకు కారణము కష్టము కంటె ఏకాంతమే యని మా యెఱుక. బంతి ఆట కష్టమైనను పిల్లలు మానరు. అక్కడ తోడివారుందురు. వేణువు సాధన యన్ననో తలుపు మూసికొని గోడవైపు చూచుచు చేయవలసిన పనిగా పెద్దలు ఏర్పరచిరి. తన వయసు వారే మరి నలుగురు అదే వరుస దగ్గఱ తడబడుచున్నారని తెలిసినప్పుడు పిల్లవానికి కలుగు ధైర్యము గురువుగారి మెప్పుదలవలన గూడ కలుగదు.

కావున వేణువు నేర్చు పిల్లలు నెలకొకమారైన కలిసికొనవలెను. అందఱును విద్వాంసులవలె కచేరీ చేయనక్కరలేదు. ఒక్కొక్కరు మూడు సంగతులు చెప్పవలెను. ఈ నెల నేను ఏమి సాధన చేసితిని? ఎచ్చట ఆగిపోయితిని? నేను విన్నదానిలో నాకు నచ్చినది ఏది? చెప్పిన పిమ్మట రెండు నిమిషములు వాయింపవలెను. వినువారు మొదట బాగున్నదానిని చెప్పి, తరువాత ఒక్క సలహా మాత్రము ఇయ్యవలెను. పదకొండేండ్ల పిల్ల తొమ్మిదేండ్ల పిల్లకు వ్రేలు మూయు విధము చూపుటలో, తనకు తెలియకుండనే తన వ్రేలి దోషమును గూడ దిద్దుకొనును.

దూరమున నున్నవారు గూడ ఇందులో చేరవచ్చును. 2020 లో మహమ్మారి వలన బడులు మూతపడినప్పుడు సంగీత పాఠములు ఫోను తెరమీదికి వచ్చినవి. అప్పుడు అందఱికిని తెలిసిన చిక్కు ఒకటి కలదు. ఫోనులో ధ్వని కొంచెము ఆలస్యముగా చేరును గనుక ఇద్దఱు ఒకే తాళమునకు కలిసి వాయింప వీలులేదు. ఒకరు వాయించి నమోదు చేసి పంపుట, రెండవవారు విని బదులు పంపుట సాధ్యము. ఇది యొక విధముగా ఉత్తరముల వంటిది. బెంగుళూరులోని పిల్ల, బరంపురములోని పిల్లవాడు, షోలాపురములోని పిల్ల, యానాములోని పిల్లవాడు ఇట్లు ఒకరి సాధన ఒకరు వినవచ్చును. అయితే ఇది పెద్దల కనుసన్నలలో జరుగవలెను. పిల్లల యింటి చిరునామా, బడి పేరు, చిత్రపటము ఎఱుగనివారికి పోరాదు. మెప్పులు లెక్కపెట్టుకొనుట అలవాటు కానీయరాదు. ఎందఱు విన్నారనునది సాధనకు కొలబద్ద కాదు. నిన్నటికంటె నేడు షడ్జము నిలిచినదా యనునదే కొలబద్ద.

గోష్ఠికి ఒక గొప్ప నిదర్శనము తిరువయ్యారున కలదు. ఏటేట పుష్య బహుళ పంచమినాడు, కావేరి యొడ్డున, త్యాగరాజస్వామి సమాధి యెదుట విద్వాంసులు ఘనరాగ పంచరత్నములను మేళముగా పాడుదురు. ఆ గానమునకు ముందు వేణువిద్వాంసులందఱు కలిసి భైరవి రాగమున 'చేతులారా' యను కృతిని వాయించుట ఆనవాయితీ. పేరు ప్రతిష్ఠలు గలవారును, లేనివారును అక్కడ ఒకే శ్రుతిలో కలియుదురు. ఆ క్షణమున ఎవరి వేణువు ఏదో చెప్పుట కష్టము.

మాట లేని వాద్యమునకు మాటతో పని

ఇప్పుడు మూడవ ప్రశ్నకు వత్తము. కొందఱు తల్లిదండ్రులు ఇట్లందురు: "మా పిల్లవాడు పాట పాడుట లేదు, వేణువు ఊదుచున్నాడు. వేణువునకు మాటలు లేవు గదా. తెలుగు చదువుటతో దానికి సంబంధమేమి?" ఈ మాట పైకి సబబుగా తోచును. కాని విచారించి చూచినచో నిలువదు.

వేణువు ఊపిరితో మ్రోగును. ఊపిరి ఎక్కడనో ఒకచోట తీసికొనక తప్పదు. ఎక్కడ తీసికొనవలెను? మాట ముగిసినచోట. "మా యింటికి రావమ్మా" అను వాక్యమును "మా యిం, టికిరా, వమ్మా" అని ముక్కలు చేసి పిలిచినచో అత్తగారు వచ్చుటకు బదులు నవ్వును. తెలుగు రాని పిల్లవాడు కృతిని వాయించునప్పుడు ఇట్లే మాట నడుమ ఊపిరి తీసికొనును. రాగము చెడదు, తాళము తప్పదు, కాని తెలుగు తెలిసిన వాని చెవికి గుండె కలుక్కుమనును.

హ్రస్వ దీర్ఘములు రెండవ విషయము. 'మెడ' వేఱు, 'మేడ' వేఱు. మొదటిదానిలో మొదటి యక్షరము ఒక మాత్ర, రెండవదానిలో రెండు మాత్రలు. పాటలో దీర్ఘమైన చోట స్వరము నిలుచును, హ్రస్వమైన చోట చురుకుగా సాగును. వేణువు హల్లులను పలుకజాలదు గాని ఈ కాలభేదమును పలుకగలదు. ఒడియా, మరాఠీ లిపులలో 'ఎ'కును 'ఏ'కును వేఱు వేఱు అక్షరములు లేవు. తమిళ లిపిలో హ్రస్వ దీర్ఘములు కలవు గాని 'క'కును 'గ'కును ఒకటే యక్షరము. 'కంప' యన్నను 'గంప' యన్నను వ్రాత ఒక్కటే. అందుచేతనే తమిళ లిపిలో అచ్చైన త్యాగరాజ కీర్తనల పుస్తకములలో అక్షరముల ప్రక్కన 2, 3, 4 అని చిన్న అంకెలు వేసి ఉచ్చారణ చూపుట కలదు. తెలుగు మాతృభాష కానివారు మన పాటలకొరకు ఇంత శ్రమ పడుచున్నారు. ఆ అంకెల అవసరము లేని లిపి మన పిల్లలది. దానిని నేర్పకుండుట, ఇంటి బావిని పూడ్చి పొరుగువారి కుండవైపు చూచుట వంటిది.

మూడవది అర్థము. పైన చెప్పిన 'చేతులారా' యను మాటనే తీసికొందము. చేతులకు తనివి తీరునంతగా, ఇతరులచేత చేయింపక తన చేతులతో తానే, అని దాని భావము. స్వామిని తన చేతులతో అలంకరించి చూచుకొనవలెనను భక్తుని తపన ఆ ఒక్క మాటలో ఇమిడియున్నది. మన యింట ఈ మాటకు తోబుట్టువులు ఎన్నియో కలవు. కన్నులారా చూచితిమి, చెవులారా వింటిమి, నోరారా పిలిచితిమి, కడుపార తింటిమి, మనసారా దీవించితిమి. తమిళమున గూడ 'మనమార', 'వాయార' యను మాటలు కలవు. రెండు భాషలును తెలిసిన పిల్లకు ఈ చుట్టఱికము చూచి ఆనందము కలుగును. ఇంట అమ్మమ్మ నోట "కడుపార తిన్నావా?" అను మాట విన్న పిల్ల ఆ కృతిని వాయించునప్పుడు మొదటి స్వరమును తొందరపడి విడువదు. దానిని నింపి వాయించును. ఇది వ్యాకరణము చెప్పి కలిగించు జ్ఞానము కాదు. ఇంట మాటాడుటచే కలుగునది.

త్యాగరాజస్వామి (1767–1847) పుట్టినది తిరువారూరు, జీవించినది తిరువయ్యారు. రెండును తమిళ సీమలోనివి. ఆయన కుటుంబము మనవలెనే తెలుగు నేల విడిచి వచ్చి స్థిరపడిన కుటుంబము. వీధిలో తమిళము, ఇంట తెలుగు. ఆయన ఇంటి మాటలోనే పాడెను. ఆ పాట వీధివారందఱిది యైనది. ఆయనకు ముందు తంజావూరు నాయకరాజుల కొలువున తెలుగు కావ్యభాషగా వర్ధిల్లినది. పిదప వచ్చిన మహారాష్ట్ర ప్రభువు శాహజీ (1684–1712) తన యింటి భాష మరాఠీ యైనను తెలుగున యక్షగానములు రచించెను. తెలుగు నేలకు దూరముగా నున్నంతమాత్రమున భాష వాడిపోదని, పొరుగు భాషతో పోరాడకయే వర్ధిల్లగలదని ఈ చరిత్ర చెప్పుచున్నది. అయితే ఆ యిండ్లలో భాషను ప్రతిదినము వాడుకొనిరి. వాడుకొనని భాషను ఏ చరిత్రయు కాపాడలేదు.

రాజ్యాంగమునందలి 350-ఎ అధికరణము, 1956 లో చేర్చబడినది, అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పింపవలెనని రాష్ట్రములకు చెప్పుచున్నది. అది బడికి సంబంధించిన హక్కు. ఇంట మాటాడు హక్కును ఎవ్వరును ఇయ్యనక్కరలేదు, ఎవ్వరును తీసికొనజాలరు. దానిని విడిచిపెట్టువారు మనమే. పిల్లవాడు ఇంట తెలుగున అడిగినదానికి మనము వేఱొక భాషలో బదులు చెప్పినప్పుడెల్ల దానిని కొంత కొంత విడుచుచున్నాము.

ఇంట చేయదగిన పనులు

తల్లిదండ్రులకు సంగీతము రానక్కరలేదు. ఈ క్రింది పనులకు తెలుగు వచ్చిన చాలును.

మొదటిది. పిల్ల ఏ గీతమో, వర్ణమో, కృతియో మొదలిడినప్పుడు దాని సాహిత్యమును తెలుగు లిపిలో తన చేతితో వ్రాయింపుడు. మోహన రాగమున 'నిన్నుకోరి' వర్ణము నేర్చు పిల్లలు దేశమంతట కలరు. ఆ మాటల అర్థము పిల్లను అడిగి చూడుడు. తెలియకున్నచో కోప్పడక చెప్పుడు. మీకును తెలియకున్నచో ఇంటి పెద్దలను అడుగుడు, వారు సంతోషింతురు.

రెండవది. వ్రాసిన సాహిత్యమున మాటకును మాటకును నడుమ చిన్న గీత గీయింపుడు. ఊపిరి ఆ గీతల వద్దనే తీసికొనవలెనని చెప్పుడు. ఇది పదచ్ఛేదమునకు పాఠము, వేణువునకును పాఠము.

మూడవది. వాయించుటకు ముందు ఒకమారు పాడింపుడు. గొంతు బాగుండనక్కరలేదు. మన వేణు విద్వాంసులు గాత్రమును అనుసరించియే వాయించుచున్నారు. పాడలేని చోట వ్రేళ్ళు గూడ తడబడును.

నాలుగవది. పరీక్షల వారములలో సాధనను పూర్తిగా ఆపవలదు, పది నిమిషములకు తగ్గింపుడు. రెండు గంటలు కూర్చుండి చదివిన పిల్లకు ఊపిరి నిలిపి ఊదు పది నిమిషములు విశ్రాంతి. మానివేసిన వేణువును మరల పట్టించుట, ఆగిన బండిని తోయుట వలె కష్టము.

అయిదవది. పిల్లల గోష్ఠికి వెళ్ళినప్పుడు మీ బిడ్డను ఇతరుల బిడ్డతో పోల్చవలదు. మాలి ఏడేండ్లకు కచేరీ చేసెనను వాక్యమును పిల్లకు ప్రోత్సాహముగా చెప్పవచ్చును గాని, శిక్షగా చెప్పరాదు. వేణువు పట్టిన పిల్లలలో విద్వాంసులగువారు కొలదిమంది. కాని వినుట నేర్చినవారు, ఓర్పు నేర్చినవారు, తమ పాట యొక్క మాటను ఎఱిగినవారు అందఱును కాగలరు. ఇంతకంటె ఎక్కువ కోరుట అత్యాశ. ఇంతకంటె తక్కువతో తృప్తిపడుట మన అలసత.

మన పాఠశాలలో తెలుగు తరగతి ఒక గదిలో, సంగీతపు తరగతి మరియొక గదిలో జరుగును. ఆ రెండు గదుల నడుమ గోడకు తలుపు పెట్టువారు తల్లిదండ్రులే. పద్యము చదువునప్పుడు గణములు లెక్కించిన పిల్లవాడు తాళమున అక్షరములు లెక్కింపగలడు. కృతి వాయించిన పిల్ల పాఠ్యపుస్తకములో కొత్త మాట కనబడినప్పుడు బెదరదు. ఒకటి నేర్చినచో రెండవది తేలికయగును.

ఈ సంవత్సరము మీ బిడ్డ చేతికి వేణువు నిచ్చు తలంపు మీకున్నచో, ఆ దినముననే ఒక తెలుగు రాతపుస్తకమును గూడ ఇయ్యుడు. రెండింటి వెలయు కలిపిన పెద్ద మొత్తము కాదు. పిల్లలు చెవులారా విని, మనసారా నేర్చి, నోరారా తమ మాట పలుకుటయే మన కోరిక.